రోగానికి మతం అంటగట్టిన రోజులు
(అంటువ్యాధుల కాలంలో వార్తా మాధ్యమాల బాధ్యతపై చేసిన ప్రసంగ పాఠం)



అంటువ్యాధి ప్రబలిన కాలంలో వార్తా మాధ్యమాల పాత్ర ఏమిటన్నది ఈనాటి మన చర్చనీయాంశం. ఈ ప్రశ్న మనకు కేవలం పాఠ్యపుస్తకాల ప్రశ్న కాదు. 2020 మార్చి చివరి రోజుల నుంచి కొన్ని నెలలపాటు ఈ దేశంలోని ముస్లిం కుటుంబాలు దీనిని తమ వీధుల్లో, తమ దుకాణాల్లో, తమ పిల్లల ముఖాల్లో చూశాయి. గడిచిపోయిన దానిని మళ్ళీ ఎందుకు తవ్వుకోవడం అని కొందరు మిత్రులు అంటున్నారు. మేము తవ్వుతున్నది పగ కోసం కాదు. అంటువ్యాధులు మళ్ళీ వస్తాయి. అవి వచ్చిన రోజున నిలబడి మాట్లాడాలంటే గతసారి ఏం జరిగిందో తేదీలతో, అంకెలతో, న్యాయస్థానాల తీర్పులతో సహా మనకు తెలిసి ఉండాలి.

వార్త కూడా ఒక ఔషధమే

అంటువ్యాధి కాలంలో మందు కంటే ముందు ప్రజలకు చేరేది వార్త. ఏ లక్షణాలు కనిపిస్తే ఆస్పత్రికి వెళ్ళాలి, ఎవరికి దూరంగా ఉండాలి, ఏది నిజం, ఏది పుకారు అన్న సంగతి ప్రజలకు వైద్యుడు స్వయంగా వచ్చి చెప్పడం సాధ్యం కాదు. ఆ పని పత్రిక చేయాలి, రేడియో చేయాలి, టీవీ చేయాలి. సరైన సమయంలో అందిన సరైన వార్త ప్రాణం నిలుపుతుంది. అందకుండా పోయిన వార్త, వక్రీకరించిన వార్త ప్రాణం తీస్తుంది.

చైనాలోని ఊహాన్ నగరంలో డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబరు 30న తన తోటి వైద్యులను ఒక కొత్త వ్యాధి గురించి హెచ్చరించారు. పోలీసులు ఆయనను పిలిపించి మందలించారు. 2020 ఫిబ్రవరి 7న ఆయన అదే వ్యాధితో మరణించారు. వార్తను అణచివేస్తే ఏమవుతుందో లోకమంతా చూసింది.

వార్తను అదుపు లేకుండా వదిలితే ఏమవుతుందో మన దేశమే 1994 సెప్టెంబరులో సూరత్‌లో చూసింది. ప్లేగు వచ్చిందన్న వార్తతో లక్షలాది మంది ఆ నగరాన్ని విడిచి పారిపోయారు. మృతుల సంఖ్యను అనేక రెట్లు పెంచి రాసిన కథనాలు ఆ భయానికి ఆజ్యం పోశాయి. చివరికి లెక్క తేలేసరికి దేశం మొత్తం మీద మరణాలు వందకు లోపే. రోగం కంటే వదంతి వేగంగా ప్రయాణించింది.

అణచివేత ఒక ప్రమాదం, అతిశయోక్తి మరొక ప్రమాదం. 2020లో మన దేశం మూడవ ప్రమాదాన్ని చూసింది. అది రోగానికి ఒక మతాన్ని అంటగట్టడం.

ఏం జరిగింది?

తేదీలను వరుసగా గుర్తు చేసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 13న కూడా కేంద్ర ఆరోగ్య శాఖ అధికారులు ఇది దేశంలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదనే చెప్పారు. ఆ రోజుల్లోనే ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. మార్చి 16న ఢిల్లీ ప్రభుత్వం 50 మందికి మించిన సమావేశాలను నిషేధించింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రైళ్ళ నిలిపివేత, మార్చి 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్. మర్కజ్‌లో ఉన్నవారు ఎక్కడివారు అక్కడే ఉండిపోయారు.

ఈ కథతో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. మార్చి మధ్యలో కరీంనగర్ వచ్చిన ఇండోనేషియా బృందంలో కోవిడ్ బయటపడింది. మార్చి 30 రాత్రి, మర్కజ్‌కు వెళ్ళివచ్చినవారిలో ఆరుగురు మరణించారని తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం ప్రకటించింది. దేశం దృష్టి మర్కజ్ వైపు మళ్ళింది. ఏప్రిల్ 1 నాటికి 2,300 మందికి పైగా జనాన్ని ఆ భవనం నుంచి తరలించారు.

ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మహమ్మారి ముంచుకొస్తున్న వేళ అంత పెద్ద సమావేశం జరగడం విమర్శకు అతీతం కాదు. ఆ నిర్వాహకులను ప్రశ్నించే హక్కు పత్రికలకు ఉంది, మనకూ ఉంది. ఇందోర్‌లో వైద్య సిబ్బందిపై రాళ్ళు రువ్విన ఘటన నిజం. దానిని వార్తగా రాయడం తప్పు కాదు, దోషులను శిక్షించమని అడగడం తప్పు కాదు. మన అభ్యంతరం అక్కడ లేదు. ఒక సంస్థ నిర్ణయాన్ని ఇరవై కోట్ల మంది కుట్రగా చిత్రించిన చోట ఉంది. ‘కరోనా జిహాద్’ అనే మాటను పుట్టించి, లక్షల సార్లు సామాజిక మాధ్యమాల్లో తిప్పి, దానిని టీవీ తెరపై శీర్షికగా వేసిన చోట ఉంది.

మాట, అంకె, బొమ్మ

ఈ పని మూడు రకాలుగా జరిగింది. మాటతో, అంకెతో, బొమ్మతో.

ముందు మాట. లాక్‌డౌన్ హఠాత్తుగా వచ్చినప్పుడు దేశమంతటా జనం ఎక్కడెక్కడో ఆగిపోయారు. యాత్రా స్థలాల్లో ఆగిపోయినవారు ‘చిక్కుకుపోయారు’ అని వార్త వచ్చింది. మసీదుల్లో ఆగిపోయినవారు ‘దాక్కున్నారు’ అని వచ్చింది. రెండూ ఒకే స్థితి, రెండు వేరు వేరు క్రియాపదాలు. చిక్కుకున్నవాడిపై జాలి కలుగుతుంది, దాక్కున్నవాడిపై అనుమానం కలుగుతుంది. ఒక్క క్రియాపదం మారితే బాధితుడు నేరస్థుడైపోతాడు.

తరువాత అంకె. 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక లెక్క చెప్పింది. దేశంలోని మొత్తం 14,378 కేసుల్లో 4,291 కేసులు, అంటే 29.8 శాతం, ఒకే సమావేశానికి సంబంధించినవని. ఈ అంకె అబద్ధమని మేము అనడం లేదు. ఆ అంకె ఎలా పుట్టిందో ఎన్ని చానళ్ళు ప్రజలకు వివరించాయన్నదే మా ప్రశ్న. అప్పటికి దేశంలో పరీక్షలు చాలా తక్కువ. మార్చి 20 వరకు ప్రధానంగా విదేశాల నుంచి వచ్చినవారికి, వారితో మెలిగినవారికి మాత్రమే పరీక్షలు చేసేవారు. ఆ తరువాతనే తీవ్ర శ్వాసకోశ సమస్యతో ఆస్పత్రిలో చేరినవారికి కూడా చేయడం మొదలుపెట్టారు. అలాంటి సమయంలో ఒక సమావేశానికి వెళ్ళినవారిని, వారి బంధువులను, వారి ఇరుగుపొరుగును రాష్ట్రరాష్ట్రాన వెతికి పట్టుకుని పరీక్షించారు. అది ప్రజారోగ్య దృష్ట్యా చేయవలసిన పనే. కానీ ఎక్కడ ఎక్కువగా వెతికితే అక్కడ ఎక్కువగా దొరుకుతుంది. ఒక చెరువులోనే వల వేసి, ఊళ్ళోని చేపలన్నీ ఆ చెరువులోనే ఉన్నాయని చెప్పడం లాంటిది ఇది. ఎంతమందిని పరీక్షిస్తే ఎంతమందికి వ్యాధి తేలింది అన్న నిష్పత్తి చెప్పకుండా కేసుల సంఖ్య మాత్రమే చెప్పడం సగం నిజం. అంటువ్యాధి కాలంలో సగం నిజం పూర్తి అబద్ధం కంటే ప్రమాదకరం. అదే సంవత్సరం డిసెంబరు నాటికి దేశంలో కేసులు కోటి దాటాయి. ఆ కోటి మంది ఏ మతం వారని అడిగిన చానల్ ఒక్కటీ లేదు. ఆ ప్రశ్న అప్పుడు అసంబద్ధమైతే ఏప్రిల్‌లోనూ అసంబద్ధమే.

చివరిగా బొమ్మ. పోలీసులపై ఉమ్ముతున్న తబ్లీగీ సభ్యుడంటూ తిరిగిన వీడియో నిజానికి ముంబైలోని ఒక విచారణ ఖైదీది. మర్కజ్ వార్త బయటికి రాకముందే జరిగిన ఘటన అది. పాత్రలను నాకుతూ రోగం అంటిస్తున్నారంటూ తిరిగిన వీడియో 2018 నాటిది. ఒక్క మెతుకు కూడా వృథా చేయరాదన్న ఆచారాన్ని పాటిస్తున్న దృశ్యమది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో క్వారంటైన్‌లో ఉన్న తబ్లీగీ సభ్యులు మాంసాహారం కోసం గొడవ చేశారన్న వార్త అవాస్తవమని అక్కడి పోలీసులే విచారించి ప్రకటించారు. ఫిరోజాబాద్‌లో వైద్య బృందంపై రాళ్ళు వేశారన్న ఒక చానల్ వార్తను అక్కడి పోలీసులు ఖండించారు. అరుణాచల్ ప్రదేశ్‌లో 11 మంది తబ్లీగీలకు వ్యాధి సోకిందన్న వార్తను ఆ రాష్ట్ర ప్రభుత్వం తోసిపుచ్చితే, ఆ చానల్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అబద్ధం ఇల్లిల్లూ తిరిగింది. సవరణ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

తెరపై పుట్టి వీధిలోకి

తెరపై పుట్టిన ద్వేషం తెరపైనే ఉండిపోదు. తోపుడు బండిపై కూరగాయలు, పండ్లు అమ్ముకునే ముస్లింలను అనేక రాష్ట్రాల్లో పేరడిగి, గుర్తింపు కార్డు అడిగి వీధుల నుంచి తరిమారు. మీరట్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి, కోవిడ్ లేదని పరీక్షా ఫలితం చూపితేనే ముస్లిం రోగులను చేర్చుకుంటామని హిందీ పత్రికలో ప్రకటన ఇచ్చింది. ఆస్పత్రి తరువాత క్షమాపణ చెప్పింది, పోలీసులు కేసు పెట్టారు. అయితే ఆ ప్రకటనను స్వీకరించి, అచ్చువేసి, పాఠకుల ఇళ్ళకు పంపిన పత్రిక సంగతి ఏమిటి? హిమాచల్ ప్రదేశ్‌లోని ఊనా జిల్లాలో ఒక ముస్లిం యువకుడు, పరీక్షలో వ్యాధి లేదని తేలిన తరువాత కూడా ఊరివారి సూటిపోటి మాటలు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. అతడిని చంపింది వైరస్ కాదు.

ఇక్కడ మన సమాజానికి జరిగిన అన్యాయంతో పాటు యావత్ దేశానికి జరిగిన నష్టం కూడా ఉంది. అంటువ్యాధిని అరికట్టడంలో మొదటి మెట్టు, రోగి తానుగా ముందుకు వచ్చి నేను ఫలానా చోటికి వెళ్ళాను, ఫలానా వారిని కలిశాను అని చెప్పడం. ఆ మాట చెబితే వైద్యం దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే రోగి చెబుతాడు. చెబితే టీవీలో పేరు వస్తుందని, కేసు పెడతారని, పిల్లలను బడిలో వెలివేస్తారని భయం ఉంటే నోరు విప్పడు. అతడు నోరు విప్పకపోతే వైరస్ అతడి ఇంటి గోడల మధ్య ఆగదు. పక్కింటికి పోతుంది, ఆ ఇల్లు ఏ మతం వారిదైనా సరే. కనుక ఒక వర్గాన్ని దోషిగా నిలబెట్టిన ప్రతి కథనం వ్యాధి వ్యాప్తికి దారి తెరిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన డాక్టర్ మైక్ ర్యాన్ ఏప్రిల్ 6న ఇదే విషయం చెప్పారు. కేసులను జాతి, మతం ఆధారంగా వర్గీకరించరాదన్నారు. ఏప్రిల్ 8న మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా వ్యాధి వ్యాప్తికి ఏ వర్గాన్నీ, ఏ ప్రాంతాన్నీ బాధ్యులను చేయవద్దని సూచనలు జారీ చేసింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

ఆ రోజుల్లో మనం చెప్పిన మాటలను పక్షపాతం అన్నారు. కాబట్టి న్యాయస్థానాల మాటలనే విందాం.

2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. మర్కజ్‌కు వచ్చిన విదేశీయులకు వ్యతిరేకంగా పత్రికల్లో, టీవీల్లో పెద్ద ఎత్తున ప్రచారం జరిగిందని, మహమ్మారి వేళ వారిని బలిపశువులను చేశారని ఆ తీర్పు పేర్కొన్నది. జరిగిన నష్టాన్ని సరిదిద్దే చర్యలు తీసుకోవలసిన సమయం వచ్చిందని కూడా చెప్పింది. 2020 డిసెంబరు 15న ఢిల్లీలోని న్యాయస్థానం, నేరం ఒప్పుకొని బయటపడే మార్గాన్ని కాదని విచారణకే నిలబడిన 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడుదల చేసింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న 16 కేసులను కొట్టివేసింది. ఐదేళ్ళకు పైగా వారు ఆ కేసులను మోశారు.

సుప్రీంకోర్టులో జమీయత్ ఉలమా-ఎ-హింద్ వేసిన పిటిషన్‌పై 2021 సెప్టెంబరు 2న విచారణ జరిగినప్పుడు ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఉన్నవారు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ. న్యాయవాద వృత్తికి ముందు తెలుగు పత్రికలో పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. మాధ్యమాల్లో ఒక వర్గం ప్రతి విషయాన్నీ మత కోణంలో చూపుతున్నదని, దీనివల్ల దేశానికే చెడ్డపేరు వస్తున్నదని ఆయన వ్యాఖ్యానించారు.

2021 జూన్‌లో వార్తా చానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌బీఎస్‌ఏ, తబ్లీగీ కథనాలకు గాను ఒక కన్నడ చానల్‌కు లక్ష రూపాయలు, మరొక కన్నడ చానల్‌కు 50 వేల రూపాయల జరిమానా విధించింది. ఆ మొత్తాలు చిన్నవే. అయినా ఆ ఉత్తర్వు ఊరికే రాలేదు. బెంగళూరులోని కొందరు పౌరులు ఆ కార్యక్రమాలను చూసి, తేదీలు, సమయాలు రాసుకుని, నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేస్తే వచ్చింది. ఈ సంగతిని మన కార్యకర్తలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

నిలబడినవారూ ఉన్నారు

మాధ్యమాలన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఒక వర్గాన్నంతా ఒకే గాటన కట్టవద్దని కోరుతున్న మనం ఆ పని అసలే చేయకూడదు.

వీడియోల వెనుక ఉన్న నిజాన్ని రాత్రింబవళ్ళు శోధించి బయటపెట్టిన పాత్రికేయులు ఉన్నారు. వారిలో అధికులు ముస్లింలు కారు. 2021 రెండవ ఉప్పెనలో గుజరాత్‌లోని ‘దివ్య భాస్కర్’ దినపత్రిక మరణ ధ్రువీకరణ పత్రాలను లెక్కించింది. మార్చి 1 నుంచి మే 10 వరకు ఆ రాష్ట్రంలో సుమారు 1 లక్షా 23 వేల పత్రాలు జారీ అయ్యాయని, అంతకు ముందటి ఏడాది అదే కాలంలో అవి సుమారు 58 వేలేనని, ప్రభుత్వం చూపిన కోవిడ్ మరణాలు మాత్రం 4,218 అని అచ్చువేసింది. విలేకరి శ్మశానం దగ్గర నిలబడి లెక్కపెట్టినప్పుడే ప్రభుత్వం జవాబు చెప్పవలసి వస్తుంది. జామియా మిల్లియా పూర్వ విద్యార్థి, రాయిటర్స్ ఛాయాచిత్రకారుడు డానిష్ సిద్దిఖీ ఆ ఏప్రిల్‌లో ఢిల్లీ శ్మశానాల చితులను ఫోటోలు తీశారు. చితిపై ఉన్నవారి మతం ఆయనకు అడ్డు రాలేదు, వారి బంధువుల దుఃఖమే కనిపించింది. జూలైలో ఆయన అఫ్ఘానిస్తాన్‌లో విధి నిర్వహణలో మరణించారు. 2022లో ఆ ఛాయాచిత్రాలకు ఆయనకు, ఆయన సహచరులకు పులిట్జర్ బహుమతి లభించింది.

మన రాష్ట్రాల్లోనూ ఒక సంయమన స్వరం వినిపించింది. 2020 ఏప్రిల్ మొదటి వారంలో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, ఢిల్లీలో జరిగినది ఏ మత సమావేశంలోనైనా జరగవచ్చునని, దానిని ఒక మతానికి అంటగట్టరాదని ప్రజలను కోరారు. వ్యాధి నుంచి కోలుకున్న తబ్లీగీ సభ్యులు అనేకులు అదే ఏప్రిల్‌లో ఢిల్లీలో ఇతర రోగుల కోసం ప్లాస్మా ఇచ్చారు. వారిని వైరస్ మోసుకొచ్చినవారిగా రోజంతా చూపిన తెరలపై ఈ వార్తకు దక్కిన చోటు ఎంత?

ఏడాది తరువాత 2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షల మంది స్నానమాచరించారు. ఆ యాత్రికులను ‘సూపర్ స్ప్రెడర్లు’ అని తిట్టాలని మేము కోరడం లేదు. అలా కోరితే మనకు జరిగిన అన్యాయాన్నే మరొకరికి జరిపించినవారమవుతాం. జనం గుమిగూడితే ప్రమాదమన్నది రెండు చోట్లా వార్త. జనం మతం ఏ చోటా వార్త కాదు. మనం అడుగుతున్నది ఈ ఒక్క కొలతనే, అందరికీ ఒకే కొలతను.

మనం ఏం చేయాలి?

మొదటిది, వార్తను నిర్ధారించుకునే అలవాటు. తెచ్చినవాడు ఎటువంటివాడో చూసి, వార్తను పరిశీలించిన తరువాతే నమ్మమని ఖురాన్‌లోని హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. అమాయకులకు హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నదే దాని ఉద్దేశం. ఈ ఆదేశం చానళ్ళకు ఎంత అవసరమో, మన చేతుల్లోని ఫోన్లకూ అంతే అవసరం. టీకా గురించి, ఆస్పత్రుల గురించి వాట్సాప్‌లో వచ్చే మూలం తెలియని సందేశాలను ముందుకు పంపకండి. మహమ్మారి ఉన్న ఊరికి వెళ్ళవద్దు, ఆ ఊరి నుంచి బయటికి రావద్దు అన్న ప్రవక్త బోధ పద్నాలుగు శతాబ్దాల క్రితమే మన చేతికి అందింది. వైద్యులతో సహకరించడం మనకు ధార్మిక విధి కూడా.

రెండవది, ఫిర్యాదు చేయడం నేర్చుకోవాలి. టీవీ ముందు కూర్చుని బాధపడితే ఎవరికీ వినిపించదు. కథనం ప్రసారమైన తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసుకోండి. రికార్డు చేసి భద్రపరచండి. జాప్యం చేయకుండా ముందు ఆ చానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళండి. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టెలివిజన్ నిబంధనలు చానల్, స్వీయ నియంత్రణ సంస్థ, కేంద్ర ప్రభుత్వం అనే మూడంచెల వ్యవస్థను ఏర్పరచాయి. పత్రికల విషయమైతే ప్రెస్ కౌన్సిల్ ఉంది. దానికి జరిమానా విధించే అధికారం లేదు, మందలించే అధికారం మాత్రమే ఉంది. అయినా రికార్డులోకి ఎక్కిన మందలింపు రేపటి వాదనకు ఆధారమవుతుంది. మతాల మధ్య శత్రుత్వాన్ని రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. ప్రతి జిల్లాలో ఇద్దరు యువ న్యాయవాదులు, నలుగురు విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే చాలు.

మూడవది, మన పిల్లలు పాత్రికేయ వృత్తిలోకి వెళ్ళాలి. తెలుగు పత్రికల్లో, చానళ్ళలో వార్తను ఎంపిక చేసే బల్ల దగ్గర మనవారు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి లెక్కించి చూడండి. ‘దాక్కున్నారు’ అని రాయబోయిన చోట, ఆ మాట ఎందుకు అని అడిగే గొంతు ఆ గదిలో ఉండాలి. ఇంజనీరింగ్‌కు, వైద్యానికి పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు, తెలుగు బాగా వచ్చిన ఒక బిడ్డనైనా, అందులోనూ ఆడపిల్లను, ఈ రంగానికి పంపమని మేము కోరుతున్నాం.

నాల్గవది, స్థానిక విలేకరులతో మాటామంతీ పెంచుకోవాలి. మన మసీదు కమిటీ సభ్యుడి ఫోన్ నంబరు మండల విలేకరి దగ్గర ఉంటే, పుకారు వచ్చిన రాత్రి ఆయన ముందు ఫోన్ చేసి అడుగుతాడు. పరిచయం లేని చోటే అనుమానం పెరుగుతుంది.

మాధ్యమాలకు మా విజ్ఞప్తి మూడు మాటల్లో చెబుతాం. రోగి మతాన్ని రాయకండి. అంకె చెప్పినప్పుడు అది ఎన్ని పరీక్షల్లో తేలిందో కూడా చెప్పండి. తప్పు ప్రసారమైతే ఎంతసేపు చూపారో అంతసేపు, ఎంత పెద్ద అక్షరాలతో వేశారో అంత పెద్ద అక్షరాలతో సవరణ ప్రకటించండి.

న్యాయస్థానాలు నిర్దోషులని చెప్పాయి. అయితే తీర్పు ప్రతి ఇంటికీ చేరదు, టీవీ కథనం చేరుతుంది. ఆ తీర్పులను ప్రతి ఇంటికీ చేర్చే పని ఇక మన భుజాలపై ఉంది. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ, దళిత సోదరులతో కూర్చుని, కోపం లేకుండా, ఈ తేదీలను, ఈ అంకెలను వారి ముందు పెడదాం. విన్నవారిలో అధికులు న్యాయం వైపే నిలబడతారన్న విశ్వాసం మాకు ఉంది.